బొమ్మకు మాట ఎవరిస్తారు?

బొమ్మలు వేసుకునేవాణ్ణి తీసుకొచ్చి మైకు ముందు కూర్చోబెట్టారు. చేతిలో కుంచె లేదు, ఎదురుగా గోడ లేదు. నేను ఏది చూపించినా మీకు కనిపించదు. "కళంటే ఏమిటో, అది ఎందుకో మీకు తోచింది చెప్పండి, పావుగంట" అన్నారు. మొదట తప్పించుకుందామనే చూశాను. ఇంటికి పోయి ఆలోచిస్తే నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ నేను మాట లేని బొమ్మలు వేశాను. ఇవాళ బొమ్మ లేకుండా మాట్లాడాలి. రెండూ కుంటి నడకే. ఆ సంగతి నాకు ఏడెనిమిదేళ్ళ వయసులోనే మా ఊళ్ళో తెలిసింది. తెలిసినట్టు తెలియడానికి మాత్రం ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది.

మాది జనగామ దగ్గర ఒక పల్లె. మేముండేది సాలోళ్ళ వాడ. ఇంటింటికీ గుంటమగ్గం. తెల్లారితే కోడికూత కంటే ముందు నాడె చప్పుడు వినపడేది. పంటలు ఇళ్ళకు చేరి జనం చేతుల్లో నాలుగు గింజలు ఆడే రోజులు చూసుకుని కూనపులి వాళ్ళు దిగేవారు. పద్మశాలీలకు పటం చూపిస్తూ కులపురాణం చెప్పేది వాళ్ళే. ముదిరాజులకు కాకిపడగల వాళ్ళు పాండవుల కథ చెబుతారు, మాదిగలకు డక్కలి వాళ్ళు జాంబపురాణం చెబుతారు. గొల్లల దగ్గరికి వచ్చే మందహెచ్చుల వాళ్ళది వేరే తీరు, వాళ్ళు పటం బదులు కొయ్యబొమ్మలు పెట్టి కాటమరాజు కథ చెబుతారు. ఎవరి కథ వాళ్ళకుంది, ఎవరి కథకులు వాళ్ళకున్నారు.

రెండు గుంజలు పాతి పైన అడ్డకర్ర కట్టేవారు. దానికి పటం చుట్టను వేలాడదీసేవారు. గజం వెడల్పు ఉంటుంది. పొడుగు మాత్రం మొత్తం విప్పితే మా వాకిలి దాటి వీధిలోకి పోతుంది. ఒక్కో వరుస విప్పుతూ, కర్రతో చూపిస్తూ, పక్కన తాళాలూ మద్దెలా మోగుతుంటే కథ నడిచేది. పెట్రోమాక్స్ లైటు వెలుతురులో ఆ ఎరుపు ఉంది చూశారూ, పటం నేలంతా పరుచుకున్న ఎరుపు, దాని ముందు మా ఇళ్ళన్నీ బూడిద రంగువే అనిపించేవి.

అలా ఒక రాత్రి భావనారుషి తామర తూళ్ళలోంచి నూలు తీసి దేవతలకు బట్ట నేసే ఘట్టం వచ్చింది. కథకుడు కర్రతో మగ్గం మీద తట్టాడు. మా తాత లేచి నిలబడ్డాడు.

"ఆగు బిడ్డా. పడుగు గట్లుంటే నాడె ఎట్ల పోతది? ఈ గీసినోడు మగ్గం ఎన్నడన్న తొక్కిండా?"

జనం గొల్లుమన్నారు. కథకుడు తడుముకోలేదు. "తాతా, నీది నూలు పడుగు, ఆయనది తామర తూటి పడుగు. నువ్వు నేసిన చీర ఏడాదికి చినుగుతది, ఆయన నేసింది ఇంక చినగనే లేదు. ఎట్ల నేసిండో నీకెర్క లేదు, నాకెర్క లేదు, గీసినోనికి మొదలే ఎర్క లేదు" అన్నాడు. తాత కూర్చున్నాడు. ఊరుకున్నాడని కాదు. ఈలోగా ఆడవాళ్ళ వైపు నుంచి మా అవ్వ అందుకుంది. పటంలో రుషి పక్కన ఆయన భార్య భద్రావతి నిలబడి ఉంది, సూర్యుడి కూతురు. నగలు పెట్టుకుని, చేతిలో పువ్వు పట్టుకుని. "అంత నేసిండు గదా, కండెలు ఎవరు చుట్టిండ్రు మరి? ఆమె చేతిల పువ్వుండె, రాట్నం లేకపాయె" అంది అవ్వ. ఈసారి మగవాళ్ళెవరూ నవ్వలేదు. కథకుడు కూడా చప్పున మద్దెల వాయించేవాడి వైపు చూసి పాట ఎత్తుకోమన్నాడు.

మర్నాడు వాడంతా అదే ముచ్చట. తామర తూటి నూలు దగ్గర మొదలై, సొసైటీ వాళ్ళు ఇచ్చే నూలు నాణ్యం మీదికి పోయి, నేసినవాడికి ఎంత మిగులుతుంది, కండెలు చుట్టిన ఆడమనిషికి లెక్కలో ఏం రాస్తున్నారు అనే దాకా వచ్చింది. ఒక గుడ్డ మీద గీసిన మగ్గం అంత పని చేసింది. గీత ఒప్పుగా ఉన్నందుకు కూడా కాదు, తప్పుగా ఉన్నందుకు.

ఆ ఊరి ముచ్చటను అక్కడే వదిలేసి పదిహేడేళ్ళకు పట్నంలో బోర్డులు రాసే ఒక పెద్దాయన దగ్గర చేరాను. మగ్గం మా నాయినతోనే ఆగిపోయింది. గోడరాతలకు చదరపు అడుగుకు ఇంత అని కూలి. ఆ రోజుల్లో గోడ కనిపిస్తే చాలు కుటుంబ నియంత్రణ బొమ్మ వేయించేవారు. కొన కిందికి ఉండే ఎర్ర త్రికోణం, అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. పిల్లలిద్దరూ నవ్వుతూ ఉండాలి, అది ఆర్డరు. అమ్మ కొంగు భుజం మీంచి జారకూడదు, అదీ ఆర్డరే. ఎన్ని వందల గోడల మీద ఎంతమంది నవ్వే పిల్లల్ని వేశానో లెక్క లేదు.

ప్రయోజనం గురించి అడిగారు గనక చెబుతున్నాను. కళకు ప్రయోజనమే కావాలంటే అంతకు మించిన ప్రయోజనం ఉన్న బొమ్మ ఇంకేముంటుంది? దేశం కోసం, జనం కోసం, ఆరోగ్యం కోసం. ఆ గోడల ముందు మనుషులు రోజూ నిలబడేవారు కూడా. కాకపోతే బస్సు కోసం. బొమ్మకు వీపు ఆనించి నిలబడేవారు. నేను నిచ్చెన మీద ఉండి పైనుంచి చూసేవాణ్ణి, ఒక్కరు తల తిప్పితే ఒట్టు. వాళ్ళ తప్పేం లేదు. చెప్పాల్సిందంతా ఆ గోడే చెప్పేసింది. ఇంకొకరు నోరు తెరవడానికి అందులో సందు ఎక్కడుంది? అలాంటి గోడలు అక్కర్లేదని నేను అనను, పోలియో చుక్కల తారీకు గోడ మీద రాయక తప్పదు. అది సమాచారం. మా తాతను లేపి నిలబెట్టినది వేరే.

కొన్నాళ్ళకు ఆ కూలి డబ్బులతోనే హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చేరాను. అక్కడ నేర్పింది దీనికి పూర్తిగా అవతలి గట్టు. "నీ లోపల ఉన్నది బయటపెట్టు" అనేవారు. ఇరవై ఏళ్ళవాణ్ణి, నా లోపల ఏముంటుంది, హాస్టలు ఆకలి తప్ప? అయినా బయటపెట్టాను. పెద్ద పెద్ద కాన్వాసుల మీద నల్లరంగు ఒలకబోశాను. సాయంత్రాలు ఇరానీ హోటల్లో కూర్చుని కళ కళ కోసమా, ప్రజల కోసమా అని వాదించుకునేవాళ్ళం. ఒకడు ఉద్యమాల వైపు, ఒకడు సౌందర్యం వైపు. చాయ్ సగం సగం పంచుకుని మరీ తిట్టుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ రెండు పక్షాల్లోనూ ఒకటే లోటు కనిపిస్తుంది. మేం మాట్లాడిందంతా వేసేవాడి గురించే. వాడు తన కోసం వేయాలా, లోకం కోసం వేయాలా అని. చూసేవాడు వచ్చి ఏం చేస్తాడు, వాడి నోట్లోంచి ఏం వస్తుంది అని మాలో ఒక్కడూ అడగలేదు.

అడిగినవాడు ఒక వాచ్‌మన్. నా మొదటి ప్రదర్శన జరిగిన హాల్లో సాయంత్రం లైట్లు ఆర్పేది ఆయనే. అయిదు రోజుల ప్రదర్శన. చదువుకున్నవాళ్ళు వచ్చారు, చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో బొమ్మ ముందు కొంచెంసేపు నిలబడి, బాగుంది బాగుంది అని పోయారు. నాలుగో రోజు సాయంత్రం ఆయన ఒక కాన్వాసు ముందు ఆగాడు. అందులో నలుపు మీద ఒక మనిషి ఆకారం ఉంది, సంచి లాంటిదేదో భుజాన ఉంది. నేను దానికి పెట్టిన పేరు ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, 'అస్తిత్వం' అనో ఏదో.

"ఈయన యాడికి పోతుండు సార్?" అన్నాడు.

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆయన ఇంకా దగ్గరికి వెళ్ళి చూశాడు. "భీవండికి పోతుండు" అన్నాడు. "సంచి జూడుండ్రి. ఇంత చిన్న సంచితోని పోయేటోడు ఆర్నెల్లకు వస్తననే పోతడు. రాడు." అక్కడి నుంచి అరగంటసేపు ఆయన మాట్లాడాడు. వాళ్ళ అన్న మగ్గం అమ్మేసి భీవండి మరమగ్గాల్లో పనికి పోవడం, అక్కడ పన్నెండు గంటల షిఫ్టు, ఇంటికొచ్చే మనియార్డర్లు, తర్వాత రాని మనియార్డర్లు. నేను స్టూలు మీద కూర్చుని విన్నాను. నా కాన్వాసులో అవేవీ లేవు. ఒక నల్ల మనిషీ ఒక సంచీ ఉన్నాయంతే. మిగతాదంతా ఆయన తెచ్చుకున్నాడు. అయితే ఆ సంచి లేకపోతే ఆయన తెచ్చుకోగలిగేవాడా అన్నది కూడా ఆలోచించాల్సిన మాటే. ఆ సంచి నేను ఎందుకు వేశానో నాకే గుర్తు లేదు. కుడిపక్క బరువు తగ్గిందని వేసి ఉంటాను.

ఆ రాత్రి మా తాతా, అవ్వా గుర్తొచ్చారు. వారం తిరక్కుండా చేర్యాల బస్సెక్కాను.

ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది గానీ అప్పుడు చేర్యాల వరంగల్ జిల్లా. పటాలు గీసే నకాషీల ఊరు. మా ఇంటికి అంత దగ్గరగా ఉండి కూడా నేను అప్పటిదాకా అక్కడికి పోలేదు, పారిస్‌లో ఎవరు ఏం వేస్తున్నారో మాత్రం నోటికొచ్చు. నేను పోయిన ఇంట్లో ఒక ముసలాయన ఖద్దరు గుడ్డకు పూత పెడుతున్నాడు. గంజి, సుద్దమట్టి, నానబెట్టి రుబ్బి ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు. ఒక పూత ఆరాక ఇంకోటి, అలా మూడు పూతలు. గుడ్డ గుడ్డలా మెత్తగా చుట్టుకోవాలి, గోడలా రంగును పట్టుకోవాలి. ఆ రెండు గుణాలూ ఒకచోటికి తేవడమే అందులో సగం విద్య. మిగతా సగం ఉడుత వెంట్రుకల కుంచెది. పెన్సిలుతో ముందు గీసుకోవడాలు లేవు, కుంచెతో నేరుగా గీతే. ఇంగిలీకం ఎరుపు, నీలిమందు నీలం, దీపపు మసి నలుపు, శంఖం పొడి తెలుపు. ఇప్పుడు చాలామంది దుకాణం రంగులే వాడుతున్నారు, అది వాళ్ళ ఇష్టం, వాళ్ళ పొట్ట. కళ్ళు మాత్రం చివర్న వేస్తారు. అన్నీ అయ్యాక, కథకుడి చేతికి పోయే ముందు.

నేను కాలేజీ పిల్లవాడి తెలివితో అడిగాను. "పెద్దనాయినా, ఇది ఎందుకోసం గీస్తరు?"

ఆయన తల ఎత్తలేదు. "కథ చెప్పేటోడు అడిగిండు. బయానా ఇచ్చిండు."

"అది గాదు. మీ మనసుల ఉన్నది గీయాలె అనిపియ్యదా?"

అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. "నా మనసుల ఉన్నదంత నేనే గీస్తే, వాడేం జెప్తడు మరి?"

అంతే. మళ్ళీ పూతలో పడ్డాడు. ఆ మాట నేను పుస్తకంలో రాసుకోలేదు, రాసుకునే అవసరం పడలేదు. ఆయన గీసిన మనుషుల మధ్య ఆ ఎర్రటి జాగా ఎందుకంత ఉంటుందో అప్పుడు చూశాను. కొండ అంటే ఒక గీత, అడవి అంటే మూడు చెట్లు. యుద్ధం అంటే ఎదురెదురుగా ఇద్దరు మనుషులు, వెనక నాలుగు ఈటెలు. మిగతా సైన్యాన్ని కథకుడు గొంతుతో దించుతాడు. మా తాతకు తప్పుగా కనిపించిన పడుగు కూడా అలా వదిలిన జాగాయే అయి ఉంటుంది. అవ్వ అడిగిన రాట్నం సంగతి మాత్రం నేను ఒప్పుకోను. అక్కడ గీసినవాడిది మరుపే.

ఇది నేనొక్కణ్ణే కనిపెట్టిన రహస్యమేమీ కాదు. సిద్దిపేటలో పుట్టిన కాపు రాజయ్య గారు నాకంటే ముందే నకాషీల దగ్గర ఆ గీతా, ఆ రంగూ పట్టుకుని బోనాలెత్తిన ఆడవాళ్ళనూ, రాళ్ళు మోసే వడ్డెర వాళ్ళనూ వేశారు. ఆయన డ్రాయింగ్ మాస్టారుగా పనిచేస్తూ అదంతా చేశారు, పెద్ద నగరానికి మకాం మార్చకుండా. తోట వైకుంఠం గారు బరోడా వెళ్ళి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకుని, తిరిగొచ్చి వేసింది కరీంనగర్ పల్లెల ఆడవాళ్ళనే. రూపాయి బిళ్ళంత బొట్టు, నిండు రంగు చీర. ఆ బొమ్మల్ని చూసి మా ఇంటావిడ చుట్టాల్లో ఒకరు "అచ్చం మా చిన్నమ్మే" అన్నారు, ఆ చిన్నమ్మ ఎవరెవరితో పోట్లాడిందో గంటసేపు చెప్పారు. విమర్శకులు రాసినవాటిలో అంతకంటే పనికొచ్చే ముక్క నాకు ఎక్కువగా కనిపించలేదు.

అలాగని ప్రతి బొమ్మలో కథ ఉండాలని నేను అనడం లేదు. ఒట్టి రంగు కూడా మాట పుట్టించగలదు. ఒట్టి నిశ్శబ్దం పుట్టించగలిగితే అదీ మంచిదే, మనిషి ఇంటికి పోయాక ఎప్పుడో మాట్లాడతాడు. నాకు పడనిదల్లా నోరు మూయించే బొమ్మ. "నేను గొప్పదాన్ని, నీకర్థం కాను" అని మూయించినా ఒకటే, "నేను చెప్పింది విను" అని మూయించినా ఒకటే. నేను రెండు రకాలూ వేశాను గనక చెప్పగలుగుతున్నాను.

పటానికి ముసలితనం ఎలా వస్తుందో కూడా చెప్పాలి. అది వాన వల్లా, చెదల వల్లా పాడవడం తర్వాతి సంగతి. ముందు కర్ర తగిలే చోట అరుగుతుంది. ఏ ఘట్టం దగ్గర కథకుడు ఎక్కువసేపు ఆగుతాడో, ఏ దేవుడి పాదం ఎక్కువమంది ముట్టుకుంటారో, అక్కడ రంగు పోయి కింద సుద్ద, సుద్ద పోయి గుడ్డ బయటపడుతుంది. చూడగానే తెలిసిపోతుంది, ఈ జనానికి ఏ ఘట్టం ఇష్టమో. ఇక పనికిరాదనుకున్నాక పూజ చేసి ఏట్లో కలుపుతారు. కొత్తది గీయించుకుంటారు.

కాలేజీలో చదివిన నాకు ఇది మొదట గుండె తరుక్కుపోయే మాట. రెండు మూడు తరాలు చూసిన బొమ్మను నీళ్ళలో వేస్తారా అని. జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు 1951లో హైదరాబాదు వచ్చి ఇలాంటి పాత పటాల్ని వెతికి వెతికి దాచకపోతే మనకు వెనకటి గీత ఎలా ఉండేదో తెలిసేదే కాదు. వాళ్ళకు దణ్ణం పెట్టాలి. అయినా ఒక సేకరణలో అద్దం వెనక పటాన్ని చూసినప్పుడు నా చెయ్యి ఊరికే కర్ర కోసం వెతికింది. ముట్టుకోరాదు అని రాసి ఉంది. ముట్టుకోవడం కోసమే పుట్టిన వస్తువు అది. ఎవరిది న్యాయం అంటే నేను తేల్చలేను. దాచినవాళ్ళకూ, ఏట్లో కలిపేవాళ్ళకూ నా లోపల చెరొక గది ఉంది.

ఇవాళ పటం కథ చెప్పించుకునే వాడలు బాగా తగ్గాయి. మా వాడలో మగ్గమే లేదు, ఇంక మగ్గం కథ ఎవరికి? నకాషీలు రెండడుగుల పటాలు గీస్తున్నారు, రంపపు పొట్టూ చింతగింజల ముద్దా కలిపి మొహాల మాస్కులు చేస్తున్నారు, తాళంచెవుల గొలుసులకు కూడా బొమ్మలు వేస్తున్నారు. భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఎగ్జిబిషన్లలో అమ్ముడవుతున్నాయి. వాటిని చూసి కళ చచ్చిపోయిందని పెదవి విరిచే మిత్రులు నాకున్నారు. వాళ్ళలో ఎవరికీ నెల జీతం ఆగలేదు. నేనైతే ఆ మాస్కు కొన్నవాళ్ళింటికి ఎప్పుడు పోయినా ఒకటి అడుగుతాను, ఇదెవరి మొహం అని. తెలియదంటారు. మీకెవరిలా ఉంది అంటాను. అప్పుడు మొదలవుతుంది.

చివరగా మా ఊరి సంగతి ఒకటి చెప్పి లేస్తాను. నాలుగేళ్ళ కింద మా ఊరి బడి గోడకు బొమ్మ వేయమన్నారు. ఏ నినాదమూ రాయనంటేనే వస్తానని చెప్పి వేశాను. గోడ పొడుగునా ఎర్రటి నేల, దాని మీద దారి, భుజాన చిన్న సంచితో నడిచిపోతున్న మనిషి. ఎక్కడికి పోతున్నాడో రాయలేదు. ముందూ వెనకా బోలెడంత జాగా వదిలాను. రెండు నెలలకు హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు. "సార్, పిల్లలు మీ బొమ్మ పాడు చేసిన్రు. బొగ్గుతోని గీసిన్రు. సున్నం వేయించమంటరా?" అని చాలా బాధపడుతూ అడిగారు. పోయి చూశాను. ఆ మనిషి వెనకాల ఎవరో ఒక కుక్కను గీశారు. తోక పైకెత్తి ఆయనతో పాటే పోతోంది. అంత ఎర్రటి నేల మీద ఆయన ఒంటరిగా పోవడం ఎవరికి నచ్చలేదో.

కుక్కకు మూడే కాళ్ళున్నాయి. గీస్తుండగా గంట కొట్టారేమో. సున్నం వద్దన్నాను. మొన్న సంక్రాంతికి పోతే నాలుగో కాలు కూడా వచ్చింది. అది సుద్దముక్కతో వేసింది, చెయ్యి వేరే.